ఒంటికి చేతకాని రెండు కొవ్వులు

తెలుగు నాట నూనె మీద నడిచే వాదం చాలాకాలంగా రెండు కొసల మధ్య ఊగుతోంది. ఒక పక్క ఉప్పూ నూనే లేని వంటల ప్రచారం. తాలింపులోనూ చుక్క నూనె పడకూడదంటారు. మరో పక్క అన్నం మానేసి కొబ్బరినూనె, నెయ్యి, వెన్న దండిగా తినమనే డైట్లు. 2017-18 ప్రాంతంలో ఇవి ఊరూరా మారుమోగాయి. బరువు తగ్గామనీ, షుగరు అదుపులోకి వచ్చిందనీ రెండు వైపుల వాళ్ళూ చెబుతారు. వాళ్ళ అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఈ వాదమంతా కొవ్వు ఎంత తినాలన్న దగ్గరే తిరుగుతోంది. ఏ కొవ్వు తినాలన్న ప్రశ్న పక్కకు పోయింది.

మన శరీరం చాలా కొవ్వుల్ని తనే తయారు చేసుకోగలదు. అన్నం ఎక్కువైతే అదే కొవ్వుగా మారి పొట్ట చుట్టూ చేరుతుంది. చేసుకోలేనివి రెండే. ఒకటి ఒమేగా-6 కుటుంబానికి మూలమైన లినోలియిక్ ఆమ్లం. రెండోది ఒమేగా-3 కుటుంబానికి మూలమైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఈ రెండూ తిండిలోంచే రావాలి. మన ఇళ్ళలో వీటిలో మొదటిది పొంగి పొర్లుతోంది, రెండోది దాదాపు రావడం లేదు. తొంభై ఏళ్ళకు పైబడిన పరిశోధనంతా తిరగేస్తే నాకు కనిపించే అసలు సమస్య ఇదే.

1929కి ముందు శాస్త్రవేత్తల నమ్మకం వేరు. కొవ్వు అంటే ఉత్త శక్తి, పిండిపదార్థం తింటే చాలు, మిగతాది శరీరం చూసుకుంటుంది అనుకునేవారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఆ నమ్మకాన్ని ఎలుకల మీద పరీక్షించారు. శుద్ధి చేసిన పాల మాంసకృత్తి, చక్కెర, లవణాలు, విటమిన్లు అన్నీ ఇచ్చి కొవ్వు ఒక్కదాన్నే పూర్తిగా తీసేశారు. కొన్ని నెలలకు ఎలుకల తోకల మీద పొలుసులు లేచాయి. తోక వాచి కొస కుళ్ళింది. వెంట్రుకలు రాలాయి, ఎదుగుదల ఆగింది, మూత్రంలో రక్తం పడింది, మూత్రపిండాలు పాడై అవి తొందరగా చచ్చిపోయాయి. నీళ్ళు మాత్రం విపరీతంగా తాగాయి. చర్మంలో తడిని పట్టి ఉంచే పొరకు లినోలియిక్ ఆమ్లం కావాలి. అది లేక ఒంట్లో నీరు చర్మం గుండా ఆవిరైపోతోందని ఆ తరువాత తెలిసింది. మరుసటి ఏడాది, 1930లో, ఈ జబ్బును మాన్పేది లినోలియిక్ ఆమ్లమని ఆ దంపతులు చూపించారు. అత్యవసర కొవ్వు ఆమ్లం అన్న మాట శాస్త్రంలోకి వచ్చింది అక్కడి నుంచే.

ఎలుకలకు సరే, మనుషులకో? బర్ ప్రయోగశాలలోనే విలియం బ్రౌన్ అనే సహచరుడు ఆరు నెలలు కొవ్వు లేని తిండి తిని చూశాడు. ఫలితాలు 1938లో అచ్చయ్యాయి. అతని చర్మానికి ఏమీ కాలేదు సరికదా, ఎప్పుడూ వేధించే పార్శ్వపు నొప్పి పోయింది. దాంతో పెద్దవాళ్ళకు ఈ కొవ్వుతో పనిలేదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఎదిగిన మనిషి ఒంటి కొవ్వులో నెలల తరబడి సరిపోయే లినోలియిక్ ఆమ్లం నిల్వ ఉంటుందని అప్పటికి ఎవరికీ తోచలేదు. నూనె మానేసి మూడు నెలలైంది, నాకేమీ కాలేదు అని ఇవాళ ఎవరైనా చెబితే, ఆ మూడు నెలలూ వాళ్ళు పాత నిల్వ మీద బతికారని అర్థం చేసుకోవాలి.

పసిపిల్లలకు అంత నిల్వ ఉండదు. ఆరిల్డ్ హాన్సెన్ బృందం 428 మంది శిశువులకు రకరకాల కొవ్వులున్న పాల మిశ్రమాలు ఇచ్చి 1963లో ఫలితాలు ప్రకటించింది. లినోలియిక్ ఆమ్లం లేని పాలు తాగిన పిల్లల చర్మం ఎండి పొలుసులు కట్టింది, అది చేర్చగానే నయమైంది. తల్లిపాలలో వచ్చే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. రెండేళ్ళ లోపు బిడ్డకు నూనె, నెయ్యి లేని వంట పెట్టడం ఏ సిద్ధాంతం పేరుతోనైనా తప్పే. ఈ మాట గట్టిగానే చెప్పాలి.

ఒమేగా-3 కథ ఇంకా ఆలస్యంగా తేలింది. అది కూడా అనుకోకుండా. కడుపులోకి తూటా దిగి, పేగు చాలా భాగం తీసేయాల్సి వచ్చిన ఆరేళ్ళ అమెరికా పాప ఒకతె. నోటితో తినే వీలు లేక నరం ద్వారానే ఆహారం ఎక్కించేవారు. ఆ ఆహారంలో కొవ్వు కోసం కలిపింది కుసుమ నూనె. మన తాండూరు, జహీరాబాదు వైపు చేలల్లో ముళ్ళ మొక్కకు నారింజ రంగు పూలు పూస్తాయే, ఆ కుసుమే. ఆ నూనెలో ముప్పాతిక వంతు లినోలియిక్ ఆమ్లం, కనుక బర్ దంపతుల లెక్కన లోటేమీ లేదు. అయినా ఐదు నెలలకు పాపకు కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం మొదలైంది. తరువాత నడవలేకపోయింది, కాళ్ళ నొప్పులు వచ్చాయి, చూపు మసకబారింది. బర్ శిష్యుడైన రాల్ఫ్ హాల్మన్ ఆమె రక్తం పరీక్షించి ఒమేగా-3 దాదాపు లేదని గుర్తించాడు. కుసుమ నూనె తీసేసి సోయా నూనె ఎక్కించారు. సోయాలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఏడు శాతం దాకా ఉంటుంది. లక్షణాలు తగ్గిపోయాయి. 1982లో ఈ కేసు అచ్చయింది. ఒక్క పాప కథతో శాస్త్రం స్థిరపడదు. దాని మీద అభ్యంతరాలూ వచ్చాయి. అయితే ఆ తరువాత నార్వేలో గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్న రోగుల్లోనూ ఒమేగా-3 లోటు కనిపించి, అది ఇవ్వగానే సర్దుకుంది.

ఇంతకీ ఈ రెండింటినీ శరీరం ఎందుకు చేసుకోలేదు? కొవ్వు ఆమ్లమంటే కర్బన అణువుల గొలుసు. అందులో కొన్నిచోట్ల జంట బంధాలుంటాయి. మన ఎంజైములు గొలుసు తల వైపు నుంచి తొమ్మిదో కర్బనం దాకానే జంట బంధం వేయగలవు, ఆపైన వేయలేవు. మొక్కలు వేయగలవు. అందుకని మొక్క కట్టిన గొలుసును మనం తెచ్చుకుని, దాన్ని మరింత పొడవు చేసి, మరిన్ని జంట బంధాలు పెట్టుకుంటాం. లినోలియిక్ నుంచి అరాకిడోనిక్ ఆమ్లం వస్తుంది. ఆల్ఫా లినోలెనిక్ నుంచి ఈపీఏ, దాన్నుంచి డీహెచ్‌ఏ వస్తాయి. మెదడులో, కంటి రెటీనాలో పేరుకునేది ఈ డీహెచ్‌ఏనే. గర్భంలో చివరి మూడు నెలల్లో బిడ్డ మెదడు దీన్ని తల్లి నుంచి లాక్కుంటుంది.

అరాకిడోనిక్ ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. జ్వరం, నొప్పి, వాపు, రక్తం గడ్డకట్టడం, కాన్పు నొప్పులు అన్నిటిలోనూ వీటికి పాత్ర ఉంది. ఆస్పిరిన్ పనిచేసేది వీటి తయారీని ఆపే. ఈ సంగతులు వెలికితీసిన బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్, వేన్‌లకు 1982లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ పాప కేసు అచ్చయిందీ అదే ఏడాది.

చిక్కంతా ఇక్కడుంది. రెండు కుటుంబాలనూ సాగదీసే ఎంజైము ఒకటే. ఒమేగా-6 కుప్పలుగా వచ్చి పడితే ఒమేగా-3 వంతు ఆలస్యమవుతుంది. మామూలుగానే ఆల్ఫా లినోలెనిక్‌లో ఈపీఏగా మారేది పదో వంతుకు మించదు, డీహెచ్‌ఏ దాకా చేరేది మగవాళ్ళలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆడవాళ్ళలో ఈస్ట్రోజన్ పుణ్యమా అని కొంత ఎక్కువ. 2016లో కార్నెల్ విశ్వవిద్యాలయం బృందం ఈ ఎంజైము జన్యువును పుణెలో ఎక్కువగా శాకాహారం తినే 234 మందిలో, అమెరికాలో 311 మందిలో పోల్చింది. మార్పిడిని వేగవంతం చేసే జన్యురూపం పుణెవాసుల్లో 68 శాతం మందికి, అమెరికన్లలో 18 శాతం మందికి ఉంది. తరాల తరబడి మాంసం లేని తిండికి ఒళ్ళు అలవాటు పడిన గుర్తు కావచ్చు ఇది. అలాంటి ఒంటికి ఒమేగా-6 నూనెలు అతిగా అందితే వాపును పెంచే పదార్థాలు ఎక్కువ పుట్టవచ్చని ఆ పరిశోధకులు హెచ్చరించారు. ఇది ఇంకా అనుమానమే, రుజువు కాలేదు.

అలాగని ఒమేగా-6ను విలన్ చేయడం సరికాదు. ఈ విషయంలో సోషల్ మీడియా ప్రచారం దారి తప్పింది. ఒమేగా-6ను తప్పుపట్టేవాళ్ళు చూపించే ప్రయోగం సిడ్నీది, అందులోనూ కుసుమ నూనే. 1966 నుంచి 1973 దాకా, గుండెపోటు వచ్చిన 458 మంది మగవాళ్ళలో సగం మందికి జంతువుల కొవ్వు బదులు కుసుమ నూనె, దాంతో చేసిన మార్గరీన్ పెట్టారు. కొలెస్టరాల్ తగ్గింది, చావులు మాత్రం పెరిగాయి. 2013లో పాత లెక్కలు మళ్ళీ తీసి చూస్తే కుసుమ నూనె తిన్నవాళ్ళలో 17.6 శాతం, మిగతావాళ్ళలో 11.8 శాతం చనిపోయారు. వింటే భయం వేస్తుంది. కానీ ఆ కాలపు మార్గరీన్‌లో ట్రాన్స్ కొవ్వులు ఉండి ఉండవచ్చు. పైగా ఆ నూనెలో ఒమేగా-3 లేదు. దీనికి ఎదురుగా 2019లో 13 దేశాల్లోని 30 అధ్యయనాలను కలిపి చూస్తే, రక్తంలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువున్నవాళ్ళకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది: లినోలియిక్ ఆమ్లం హానికరం కాదు, దానికి తోడు లేకుండా ఒంటరిగా ముంచెత్తడమే మంచిది కాదు.

నెయ్యి వైపు వాదించేవాళ్ళకూ ఒక ఇష్టమైన అధ్యయనం ఉంది. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో రైల్వే ఉద్యోగుల లెక్కలు అచ్చువేశారు. పాలకొవ్వు దండిగా తినే ఉత్తరాది వాళ్ళ కంటే, తక్కువ కొవ్వు, అదీ గింజల నూనెలు తినే దక్షిణాది ఉద్యోగుల్లో గుండెజబ్బు ఏడు రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. ఆలోచింపజేసే లెక్కే. అయితే ఇద్దరి శ్రమ, తిండి, జీవితం వేరువేరు గనుక నూనె ఒక్కదానికే ఆ తేడాను అంటగట్టలేం. నెయ్యిలో అరవై శాతానికి పైగా, కొబ్బరినూనెలో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వు. ముద్దపప్పులో చెంచా నెయ్యికి ఎవరూ అడ్డు చెప్పనక్కర్లేదు. అది విటమిన్-ఏ, కెరోటిన్లు ఒంటపట్టడానికి సాయం చేస్తుంది కూడా. కానీ అత్యవసర కొవ్వుల కోసం నెయ్యి మీద గానీ కొబ్బరినూనె మీద గానీ ఆధారపడితే మిగిలేది లోటే.

చేపనూనె మాత్రల సంగతి త్వరగా ముగించవచ్చు. 1970లలో బాంగ్, డైయర్‌బెర్గ్ అనే డేనిష్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌ల తిండి, రక్తం పరీక్షించి, చేపల్లోని ఒమేగా-3 గుండెను కాపాడుతుందన్న ఆశ రేపారు. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చిన పదకొండు వేల మందికి పైగా రోగులతో చేసిన ప్రయోగం ఆ ఆశను పెంచింది. తరువాత వచ్చిన పెద్ద ప్రయోగాలు చప్పబరిచాయి. 2018లో వచ్చిన వైటల్ ప్రయోగంలో 25,871 మంది, అసెండ్‌లో 15,480 మంది మధుమేహులు పాల్గొన్నారు. రోజుకో గ్రాము మాత్ర వల్ల ప్రధాన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుందనీ తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వేలు పోసి ఈ మాత్రలు కొనుక్కోనక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవాళ్ళకు డాక్టరు రాసిస్తే అది వేరే మాట.

మాత్రల విషయంలో గట్టి ఫలితం ఒకచోట కనిపించింది, గర్భిణుల్లో. 2018లో కాక్రేన్ సంస్థ 70 ప్రయోగాలను సమీక్షించింది. ఒమేగా-3 తీసుకున్నవాళ్ళలో నెలలు నిండని కాన్పులు 11 శాతం, 34 వారాల లోపు కాన్పులు 42 శాతం తగ్గాయి. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద ప్రయోగంలో అందరికీ అలాంటి మేలు కనిపించలేదు. మొదటి నుంచీ రక్తంలో ఒమేగా-3 తక్కువున్న తల్లులకే ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని పరిశోధకుల ఆలోచన. చేప తినని మన తల్లుల్లో చాలామంది ఆ కోవలోకే వస్తారని నా భయం.

ఇక మన వంటింటి లెక్క చూద్దాం. ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ నిపుణుల సంఘం 2010లో ప్రచురించిన నివేదిక ప్రకారం రోజువారీ శక్తిలో కనీసం రెండున్నర శాతం లినోలియిక్ నుంచి, అర శాతం ఆల్ఫా లినోలెనిక్ నుంచి రావాలి. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అవి వరుసగా దాదాపు ఐదున్నర గ్రాములు, గ్రాము పైన మరో పదోవంతు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఇదే మనిషికి నూనెలు, కొవ్వులు 27 గ్రాములు చాలంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు మూడున్నర లీటర్లన్నమాట. ఆ 27 గ్రాములూ సన్‌ఫ్లవర్ నూనె అయితే లినోలియిక్ పదహారు గ్రాముల దాకా వస్తుంది, కావలసినదానికి మూడింతలు. ఆల్ఫా లినోలెనిక్ నామమాత్రం. వేరుశనగ నూనెలో మొదటిది మరీ ఎక్కువ కాదు, ఎనిమిది గ్రాములు. రెండోది దానిలోనూ లేనట్టే. నువ్వుల నూనె, తవుడు నూనె, పామాయిలు అన్నిటిదీ రెండో విషయంలో ఇంచుమించు ఇదే కథ. సోయా అయితే గ్రాము ముప్పాతిక పైన, ఆవనూనె అయితే రెండున్నర గ్రాముల పైన వస్తుంది. ఆవనూనె ఘాటు మన నోటికి సయించదు. సోయా కలిసిన మిశ్రమ నూనెలు మాత్రం కొట్లలో దొరుకుతున్నాయి.

జాతీయ పోషకాహార సంస్థలోనే డాక్టర్ గఫూరున్నీసా దశాబ్దాల పాటు ఈ విషయం మీద పనిచేశారు. బాండీలో పోసే నూనె ఒక్కటే లెక్క కాదనీ, ధాన్యాల్లో, పప్పుల్లో కనిపించకుండా దాగున్న కొవ్వులోనూ లినోలియిక్ ఉందనీ ఆమె చూపించారు. అంటే లినోలియిక్ కోసం నూనెను వెతకనక్కర్లేదు, ఆల్ఫా లినోలెనిక్ ఉన్న నూనెను చూసి ఎంచుకోవాలి. ఈ మాట మన నేల మీద, మన తిండిని కొలిచి చెప్పింది. ఇది మన ఇళ్ళ దాకా సరిగా చేరకపోవడం నాకు బాధగా ఉంటుంది. నూనె ప్యాకెట్ల మీద ‘కొలెస్టరాల్ లేదు’ అన్న అక్షరాలు పెద్దగా ఉంటాయి. గింజల నూనె దేనిలోనూ కొలెస్టరాల్ ఉండదు. ఒమేగా-3 ఎన్ని గ్రాములో మాత్రం వెతికినా కనబడదు.

నూనె మార్చకపోయినా దారులున్నాయి. అవిసె గింజల్లో ఐదో వంతుకు పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. ఐదు గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాల పొడి తింటే రోజుకు సరిపోతుంది. గింజల్ని సన్నసెగ మీద చిటపటలాడేదాకా దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, కాస్త చింతపండు వేసి దంచితే అవిసె కారం. జొన్నరొట్టెలోకీ వేడన్నంలోకీ బాగుంటుంది. గింజలు నలగకుండా మింగితే అలాగే బయటకు పోతాయి, కనుక పొడి తప్పనిసరి. పొడి చేశాక రెండు వారాల్లో వాడేయాలి, ఎందుకంటే ఈ కొవ్వు గాలికి త్వరగా పాడవుతుంది. చేదు తేలితే పారేయడమే. వానాకాలం చేలగట్ల మీద దానంతటదే మొలిచే గంగవాయిలి కూర ఆకుకూరల్లో ఈ విషయంలో ముందుంటుంది. వంద గ్రాముల ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఉంటుంది. మామిడికాయ వేసి పప్పు చేసుకునే ఇళ్ళకు దీన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కానీ కలుపు మందుల వల్ల అది చేలల్లోంచే పోతోంది.

చేప తినేవాళ్ళకు పని ఇంకా సులువు. కోస్తాలో చవగ్గా దొరికే కవళ్లు, కానగర్తల్లో ఈపీఏ, డీహెచ్‌ఏ నేరుగా ఉంటాయి, మార్పిడితో పనిలేదు. వారానికి రెండుసార్లు చాలు. నూనెలో వేపుడు కంటే పులుసు మేలు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే బొచ్చె, రాగండిలో ఒమేగా-3 ఎంతన్నది వాటికి వేసే మేతను బట్టి ఉంటుంది, సముద్రపు చేపతో సమానం అనుకోకూడదు.

గానుగ నూనె గురించి చాలామంది అడుగుతారు. కట్టె గానుగలో ఆడించినా రిఫైన్ చేసినా కొవ్వు ఆమ్లాల లెక్క మారదు. నువ్వుల్లోని సెసమిన్ లాంటివి, విటమిన్-ఇ గానుగ నూనెలో ఎక్కువ మిగులుతాయి, వాసన బాగుంటుంది. అంతవరకే. డాల్డా రోజులు దాదాపు పోయాయి. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం దాటకూడదని చట్టం ఉంది. బజ్జీల బండి మీద మళ్ళీ మళ్ళీ కాగే నూనెకు కూడా 2018 జులై నుంచి పరిమితి ఉంది. అలా కాగినప్పుడు పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె పారబోయాలి. కొలిచి చూసేవాళ్ళు మాత్రం అరుదు.

ఇళ్ళు తమంతట తాము మారతాయని ఎదురుచూస్తే చాలా ఏళ్ళు పడుతుంది. ప్రభుత్వం చేతిలో ఒక పని ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు గుడ్డు ఇస్తున్నారు. కోళ్ళ మేతలో అవిసె కలిపితే ఆ గుడ్డు పచ్చసొనలో ఒమేగా-3 పెరుగుతుంది. ఆల్ఫా లినోలెనిక్‌ను డీహెచ్‌ఏగా మార్చే పనిని మనకంటే కోడి బాగా చేస్తుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రాలు మనవి. పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. గుడ్ల సరఫరా టెండరులో మేత గురించి ఒక నిబంధన చేర్చి, మొదట ఒకటి రెండు జిల్లాల్లో అమలు చేసి, తల్లుల రక్తంలో డీహెచ్‌ఏ ఎంత పెరిగిందో ఆ సంస్థ చేత కొలిపించవచ్చు. మేత ఖర్చు కొంత పెరుగుతుంది, గుడ్డు ధర కొన్ని పైసలు పెరగవచ్చు. గుడ్డు తినని తల్లులకు అవే కేంద్రాల్లో వడ్డించే పప్పన్నం మీద అవిసె పొడి, డాక్టరు అవసరమంటే నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ చుక్కలు ఇవ్వాలి.